12 కిలోల పిల్లాడికి ఎన్ని ఎంఎల్?

నెల్లూరు పొగతోటలో పిల్లల డాక్టరు దగ్గరికి పోతే, లోపలికి పంపే ముందే పిలకాయల చెప్పులు విప్పించి మిషను ఎక్కిస్తారు. చీటీ మీద పేరు, వయసు అయ్యాక పడేది కిలోలే. వింజమూరు నుంచి ఆయాసంతో వచ్చిన మా పెదనాన్న మనవడి చీటీలో అది 12. కింద ప్రెడ్నిసలోన్ అనే స్టీరాయిడ్ సిరప్, పొద్దున తిన్నాక 4 ఎంఎల్, 5 రోజులు. రెండో రోజే సీసా చెయ్యి జారి పగిలింది. మందుల షాపులో అదే పేరున్న ఇంకో సీసా ఇచ్చారు. మా పెద్దమ్మ అదే 4 ఎంఎల్ పోసింది. మర్నాటి రాత్రికి మళ్లీ పిల్లికూతలు.

మొదటి సీసాలో 5 ఎంఎల్‌కు 15 మి.గ్రా. మందు ఉంది. రెండోదాంట్లో 5 ఎంఎల్‌కు 5 మి.గ్రా. మాత్రమే. 12 మి.గ్రా. అందాల్సిన బిడ్డకు 4 అందింది. అదే తలకిందులై, పల్చటి మందుకు రాసిన 12 ఎంఎల్‌ని చిక్కటి సీసాలోంచి పోసి ఉంటే 36 పడేది. కిలోకు ఇంత అని లెక్క కట్టడం వెనక రెండు వందల ఏళ్ల తర్జనభర్జన ఉంది. అదంతా ఇక్కడ సీసా మూత దగ్గర బోల్తా పడింది.

పూర్వం పిల్లల మోతాదుకు వయసే కొలత. కాంతి తరంగాల మీద ప్రయోగాలు చేసిన ఇంగ్లండు వైద్యుడు థామస్ యంగ్ ఒక సూత్రం చెప్పాడు: పిల్లాడి వయసుని, ఆ వయసుకు 12 కలిపితే వచ్చిన సంఖ్యతో భాగించు, పెద్దవాళ్ల మోతాదులో అంత వంతు ఇవ్వు. మూడేళ్లవాడికి అయిదో వంతు. ఆ తర్వాత క్లార్క్ సూత్రం వచ్చింది. అది బరువు లెక్క: పౌండ్లలో బరువుని 150తో భాగించాలి. రెండింటి వెనకా ఉన్న ఊహ ఒకటే, పిల్లవాడంటే చిన్న సైజు పెద్దవాడని.

ఆ ఊహ ఎంత దూరం పోతుందో మనవాడి మీదే వేసి చూడొచ్చు. ఆయాసం ముదిరినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 40 మి.గ్రా. ప్రెడ్నిసలోన్ అనుకుందాం. యంగ్ లెక్కన మూడేళ్లవాడికి 8 వస్తుంది, క్లార్క్ లెక్కన 12 కిలోలకు 7. ఇప్పుడు పిల్లల డాక్టర్లు కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. రాస్తారు, అంటే 12 నుంచి 24. పాత సూత్రాలతో పోలిస్తే ఒకటిన్నర నుంచి మూడింతల పైనే! చిన్నపిల్లల ఒంట్లో ఈ మందు పెద్దవాళ్లకన్నా త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి కిలోకు ఎక్కువే పడుతుంది. "పసిబిడ్డకు ఇంత మందా" అని జడిసి సగం పోసే అమ్మమ్మలు తెలియకుండానే యంగ్ దొరగారి శిష్యులు.

ఆ సూత్రాల కాలానికి స్టీరాయిడ్ అనే మందే లేదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసాయన శాస్త్రవేత్త కెండల్ కిడ్నీల మీదుండే ఎడ్రినల్ గ్రంథిలో కనిపెట్టిన పదార్థాన్ని, 1948 సెప్టెంబరులో డాక్టరు హెంచ్ కీళ్లవాతంతో మంచాన పడ్డ ఒక యువతికి ఎక్కించాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. దానికే కార్టిసోన్ అని పేరు పెట్టారు. 1950లో వాళ్లిద్దరికీ, స్విట్జర్లాండులో ఇదే పని చేసిన రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. 1955కల్లా ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసలోన్ బజారుకొచ్చాయి. 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ చేసే పని 5 మి.గ్రా. ప్రెడ్నిసలోన్ చేస్తుంది, ఇంకో స్టీరాయిడ్ డెక్సామెథసోన్ అయితే 0.75 చాలు. "అర మిల్లీగ్రాము బిళ్లేగా" అని ఆర్‌ఎంపీ పొట్లంలో పడేసే డెక్సా చిన్నదేమీ కాదని ఈ మూడంకెలు చూస్తే తెలుస్తుంది.

1956లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ తీవ్రమైన ఆస్తమాలో కార్టిసోన్‌ని పద్ధతిగా పరీక్షించి, పనిచేస్తుందని తేల్చింది. ఎంత ఇవ్వాలనేది మాత్రం చాలావరకు అనుభవం మీద, అలవాటు మీద కుదురుకున్నదే. ఆస్తమాలో కిలోకు 1 నుంచి 2, పైకి 40 దాటకుండా, 3 నుంచి 5 రోజులు. పసిపిల్లల్లో గొంతు వాచి కుక్క మొరిగినట్టు దగ్గే క్రూప్‌కు డెక్సామెథసోన్ కిలోకు 0.6 ఒక్కసారి. అందులో నాలుగో వంతు, 0.15 ఇచ్చినా సరిపోతుందని 1990లలో ఆస్ట్రేలియా వైద్యులు చూపించారు.

అసలు చిక్కు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుది. మూత్రంలో ప్రొటీన్ పోయి, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, తర్వాత కాళ్లు, పొట్ట. మన పల్లెల్లో "బిడ్డకు నీరు పట్టింది" అంటారు. కొందరైతే మొదట్లో "ఒళ్లు చేశాడు" అని మురిసిపోతారు కూడా. 1960ల చివర్లో పలు దేశాల పిల్లల వైద్యులు కలిసి ఈ జబ్బు మీద ఒక బృందం కట్టారు. వాళ్లు తీసుకున్న కొలత బరువు కాదు, ఒంటి వైశాల్యం: చదరపు మీటరుకు రోజుకు 60 మి.గ్రా. ఆ 60 కూడా ప్రయోగాల్లో తేలింది కాదు, అనుభవం మీద ఎంచుకున్నదే. వైశాల్యం లెక్క కట్టడం అందరికీ కుదరదు కాబట్టి దాన్ని కిలోకు 2 మి.గ్రా. అని సులువు చేశారు. ఈ సులువులో ఒక లోటు ఉంది. 10 కిలోల బిడ్డకు వైశాల్యం లెక్కన 28 మి.గ్రా. వస్తే కిలోల లెక్కన 20యే వస్తుంది. 20 కిలోలకు 47, 40. 30 కిలోల దగ్గరికి వచ్చేసరికి రెండూ 60 దగ్గర కలుస్తాయి. బిడ్డ ఎంత చిన్నదైతే కిలోల లెక్క అంత తక్కువ ఇస్తుంది.

దీనికి తోడు, నీరు పట్టిన బిడ్డను తూస్తే మిషను చూపించేది బిడ్డ బరువొక్కటే కాదు, నీళ్ల బరువు కూడా. ఉబ్బు దిగితే ఉండే బరువు మీదనే మందు కట్టాలి. అందుకే ఉబ్బు రాకముందు అంగన్‌వాడీలో ఎంత తూగాడని డాక్టరు అడుగుతాడు. ఆ కార్డు ఇంటి దగ్గరే మర్చిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ.

మన దేశంలో పిల్లల కిడ్నీ వైద్యుల బృందం 2001లో మార్గదర్శకాలు రాసి, 2008లో, 2021లో సవరించింది. మొదటిసారి జబ్బు చేస్తే 6 వారాలు రోజూ కిలోకు 2 మి.గ్రా. (60 దాటకుండా), తర్వాత 6 వారాలు రోజు విడిచి రోజు కిలోకు 1.5 (40 దాటకుండా). ఇంకా ఎక్కువ నెలలు వాడితే మేలేమోనని చాలా ఏళ్లు నమ్మారు. 2015లో మన దేశంలో, 2019లో బ్రిటన్‌లో వచ్చిన పరీక్షల ఫలితాలు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు.

12 వారాలంటే పొదిలి నుంచో ఉదయగిరి నుంచో ఎన్ని బస్సులు ఎక్కి దిగాలో లెక్కేసుకోండి. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2008లో, నెల్లూరులో 2014లో. అంతకుముందు నెల్లూరోళ్లకు పెద్దాసుపత్రంటే మద్రాసు, ఒంగోలు వాళ్లకు గుంటూరు. చీటీ ఒక ఊరిది, మందు ఇంకో ఊరిది. మధ్యలో మొహం చందమామలా గుండ్రమయితే భయపడి మందు ఆపేసేవాళ్లు ఉన్నారు. నాలుగైదు రోజుల కోర్సుని ఠక్కున ఆపినా మామూలుగా ఏమీ కాదు. వారాల తరబడి వాడింది అలా ఆపితే ప్రమాదం, ఎందుకంటే బయటి నుంచి మందు వస్తున్నన్నాళ్లూ సొంత ఎడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. 1952లోనే అమెరికాలో కార్టిసోన్ వాడిన ఒక రోగి ఆపరేషన్ తర్వాత ఇలాగే చనిపోయిన సంగతి వైద్య పత్రికకెక్కింది. కిలోకు 2 మి.గ్రా. లెక్కన 2 వారాలు వాడిన బిడ్డకు, ఆపాక కనీసం నెల వరకు ఎమ్మెమ్మార్ లాంటి జీవ టీకాలు వెయ్యరు. ఈ మందు జబ్బుల్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది కాబట్టి, వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే వేపమండలు కట్టేలోపే డాక్టరుకు చెప్పాలి.

స్టీరాయిడ్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. మా పెద్దమ్మ చీటీ చూపించే కొన్నది. చీటీలో ఎంఎల్ ఉంది, మి.గ్రా. లేదు. పొగతోటకు మళ్లీ పోయినప్పుడు డాక్టరు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఆమె కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"రెండిటి మీదా పేరు ఒకటేగా అబ్బయ్యా, ఇంత చిన్నచ్చరాలు నాకు యాడ కనపడతాయి?"

ఆయన చీటీ వెనక్కి తీసుకుని, 4 ఎంఎల్ పక్కన బ్రాకెట్లో 12 మి.గ్రా. అని రాశాడు.