ఖాళీ నెట్ అమ్ముకోవచ్చా? బ్రౌజర్ రిలే మీద అపోహలు – వాస్తవాలు

అపోహ: “ఎలాగూ అన్‌లిమిటెడ్ ప్లానే కదా. వాడని నెట్ పంచితే నెలనెలా డబ్బులిస్తారట. మనకి పోయేదేముంది?”

టెక్కలి, పలాస, బొబ్బిలి నెట్ సెంటర్ల వాళ్లైనా, విజయనగరం హాస్టల్ పిల్లలైనా ఎక్కువగా అడిగేది ఇదే. పోయేది డేటా ఒక్కటే కాదు, మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబరు) కూడా. నెట్ పంచడానికి బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేయమంటారు. దాంతో మీ బ్రౌజర్ రిలే, అంటే ఇతరుల ట్రాఫిక్‌ని దాటించే మధ్యవర్తి అవుతుంది. అది వేస్తే ముక్కూమొహం తెలియని మనిషి మీ లైన్ మీదుగా సైట్లు తెరుస్తాడు. ఆ సైటు లాగ్‌లో (ఎవరొచ్చారో రాసుకునే రికార్డులో) పడేది మీ ఐపీయే. అతను దొంగ కార్డుతో కొన్నా, ఎవరి అకౌంట్‌లోనో చొరబడినా, పోలీసులు ఐపీ, టైము పట్టుకుని ఆపరేటర్‌ని అడుగుతారు. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లనే ముందు పిలుస్తారు. “మాది సీజీనాట్ (ఆపరేటర్ ఒకే ఐపీని చాలామందికి పంచే పద్ధతి)” అనే ధీమా వద్దు. సైటు పోర్టు నంబరు (ఆ ఐపీలో ఏ కనెక్షనో చెప్పే అంకె) కూడా రాసుకుని ఉంటే చందాదారు ఎవరో తేలిపోతుంది. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది కూడా.

ఎక్స్‌టెన్షనే ఎందుకు అడుగుతారంటే, మామూలు పేజీలోని జావాస్క్రిప్ట్‌కి నేరుగా టీసీపీ సాకెట్ (వేరే సర్వర్‌తో నేరు కనెక్షన్) తెరిచే వీల్లేదు. బ్రౌజర్ ఇచ్చే ఫెచ్, వెబ్‌సాకెట్, వెబ్ఆర్‌టీసీ (బ్రౌజర్ల మధ్య నేరుగా డేటా పంపేది) లాంటి దారులే దిక్కు. ఫెచ్‌తో వేరే సైటుకి రిక్వెస్ట్ పంపినా, ఆ సైటు సీఓఆర్ఎస్ హెడర్ (వేరే సైట్లు చదవొచ్చనే అనుమతి) ఇవ్వకపోతే జవాబు చదవడం కుదరదు. “అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం” అనే అనుమతికి సరే అన్నారా, ఆ అడ్డు తొలగిపోతుంది. బయటి సైట్లే కాదు, 192.168.1.1లో ఉన్న మీ రౌటర్ పేజీ కూడా దానికి అందుతుంది. పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈరోజే మార్చండి.

ఇప్పటికే వేసేసి భయపడుతున్నవాళ్లు కంగారు పడకండి, తీసేయడం పది నిమిషాల పని. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చెయ్యకుండా వదిలేసినా నెట్‌వర్క్ కాలమ్‌లో అంకె ఆగకుండా కదులుతున్న ఎక్స్‌టెన్షన్ ఏదో చూసి, దాన్ని తీసేయండి. అక్కడితో ఆగొద్దు. డబ్బులిస్తామనే చాలావాటికి విండోస్ ప్రోగ్రామ్ కూడా ఉంటుంది, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోనూ స్టార్టప్‌లోనూ వెతకాలి. తీసేశాక ఏ సైటూ తెరుచుకోకపోతే, విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (ట్రాఫిక్‌ని వేరే దారిలో పంపే సెట్టింగ్) ఆన్‌లోనే మిగిలిపోయిందేమో చూసి ఆపండి. తర్వాత జీమెయిల్‌లో అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ అయి, బ్యాంకు పాస్‌వర్డ్‌తో సహా మార్చుకోండి. అన్ని పేజీలూ చదివే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ ఏం చదివిందో బయటినుంచి చెప్పలేం. నెట్ సెంటర్ వాళ్లకి ఇంకో మాట: కస్టమర్ తన జీమెయిల్‌తో క్రోమ్‌లో సింక్ ఆన్ చేస్తే, అతని ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ మీ సిస్టమ్‌లోకీ దిగుతుంది. గెస్ట్ విండో ఇవ్వండి, అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు.

అపోహ: “స్నోఫ్లేక్ పెట్టుకున్నా కేసే.”

కాదు. స్నోఫ్లేక్ అంటే, ఐపీ దాచి సైట్లు చూపించే టార్ నెట్‌వర్క్‌కి చేరడానికి ఇతరులకి సాయపడే ఎక్స్‌టెన్షన్. ఈ పుకారు నమ్మి నిద్ర పట్టని ఇంజనీరింగ్ పిల్లలున్నారు. టార్ బ్లాక్ అయిన దేశంలోని మనిషిని బ్రోకర్ (స్నోఫ్లేక్ వాళ్ల జతకలిపే సర్వర్) మీ బ్రౌజర్‌తో జతచేస్తుంది. అతని ట్రాఫిక్ వెబ్ఆర్‌టీసీ డేటా ఛానెల్ మీద మీ దగ్గరికొచ్చి, వెబ్‌సాకెట్ మీద స్నోఫ్లేక్ బ్రిడ్జికి (టార్‌లోకి చేర్చే సర్వర్‌కి) పోతుంది. అక్కడినుంచి టార్ రిలేలు దాటాకే సైటుకి చేరుతుంది. సైటుకి కనిపించేది ఎగ్జిట్ రిలే (టార్‌లో చివరి రిలే) ఐపీ, మీది కాదు. మధ్యలో మీకు కనిపించేదంతా ఎన్‌క్రిప్ట్ అయిన ముద్దే. మీ ఐపీ ముఖ్యంగా తెలిసేది అవతలి యూజర్‌కీ, బ్రోకర్, బ్రిడ్జిలకీ. కాలేజీ, ఆఫీసు నెట్‌లో మాత్రం అడ్మిన్‌ని అడగకుండా పెట్టకండి. తెలియని విదేశీ ఐపీలకి యూడీపీ (వెబ్ఆర్‌టీసీ వాడే రకం) ట్రాఫిక్ పోతుంటే ఫైర్‌వాల్ అలారం కొడుతుంది.

అపోహ: “ఎంతోకాదు, కొంచెమే డేటా.”

రిలే అంటే వచ్చిందంతా మళ్లీ బయటికి పంపడమే. 1 ఎంబీపీఎస్ (సెకనుకి ఒక మెగాబిట్) చొప్పున గంట నడిస్తే 450 ఎంబీ వస్తుంది, 450 పోతుంది. రోజుకి 1.5 జీబీ ఉన్న హాట్‌స్పాట్ గంటా నలభై నిమిషాల్లో ఖాళీ. ఫైబర్ ఉన్నా, అప్‌లోడ్ నిండిపోతే ఏసీకే ప్యాకెట్లు (డేటా అందిందని చెప్పే రసీదులు) ఆలస్యమై డౌన్‌లోడ్ కూడా నత్తనడకే.

అపోహ: “ట్యాబ్ మూసినా పేజీ స్క్రిప్ట్ నడుస్తూనే ఉంటుంది.” నడవదు, ట్యాబ్‌తోనే పోతుంది. ఎక్స్‌టెన్షన్ మాత్రం బ్రౌజర్ ఉన్నంతసేపూ ఉంటుంది. క్రోమ్ మూసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడిచే సెట్టింగ్ సిస్టమ్ విభాగంలో ఉంది, ఆపేయండి.

అపోహ: “దుబాయ్‌లో ఉన్నవాళ్లతో వాట్సాప్ కాల్ కలవాలంటే ఇక్కడ ఫ్రీ వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ వెయ్యాలి.”

సోంపేట, కవిటి వైపు ఇళ్లలో ఇది ఎక్కువ. కాల్‌కి అడ్డు ఉన్నది యూఏఈ వైపు. ఇక్కడ ఏది వేసినా ఆ అడ్డు తీరదు. పైగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్ ట్రాఫిక్‌నే తిప్పుతుంది, ఫోన్లోని వాట్సాప్‌ని ముట్టుకోదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇద్దరి ఫోన్లలోనూ వేసుకుని మాట్లాడుకోండి.