సీఎన్‌సీ రౌటర్ ధూళిని పుట్టినచోటే పట్టుకోవాలి

ఇంట్లో చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను కోసే మెషీన్) పెట్టుకుని ఎండీఎఫ్ షీటు (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) మీద ఒక జాలీ డిజైన్ కోశారనుకోండి. పని అయ్యేసరికి మెషీన్ చుట్టూ పొట్టు పేరుకుపోతుంది. దాన్ని ఊడ్చి చేటతో ఎత్తి పారేస్తే గది శుభ్రమైపోయిందనిపిస్తుంది. నిజానికి కింద పడిన పొట్టుతో మనకు పెద్ద ఇబ్బంది లేదు. ఇంకా కింద పడకుండా గాలిలో ఉన్న ధూళితోనే ఇబ్బంది. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు కదలని గాలిలో సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారుగా మన ముక్కు దగ్గర నుంచి, నేలకు చేరడానికి దానికి 8 నిమిషాలు పడుతుంది. అదే 1 మైక్రాన్ రేణువుకైతే దాదాపు 12 గంటలు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే అంతకన్నా ఎక్కువే. ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్లేది ఈ సన్నరకమే, కంటికి కనపడనిదీ ఇదే.

చెక్క ధూళి ప్రమాదకరమని మొదట గట్టిగా తేలింది ఇంగ్లండ్‌లో, కుర్చీల తయారీకి పేరుపడ్డ హై వికమ్ పట్టణంలో. ముక్కు లోపల వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ అక్కడి ఫర్నిచర్ కార్మికుల్లో మరీ ఎక్కువగా కనిపిస్తోందని 1960లలో ఎస్మే హాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ సర్జన్ గమనించారు. ఆమె, డొనాల్డ్ ఆచెసన్ అనే వైద్య పరిశోధకుడు, మరికొందరు కలిసి 1968లో ఆ వివరాలు ప్రచురించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. ఆ కార్మికులు ఏళ్ల తరబడి, రోజంతా ఆ ధూళిలోనే పనిచేసినవాళ్లు. ఆదివారం పూట సరదాగా రౌటర్ నడిపేవాళ్ల పరిస్థితి అది కాదు. అయితే ఆస్తమాకీ అలర్జీకీ అంతకాలం అక్కర్లేదు. టేకు, రోజ్‌వుడ్ పొడి పడక చర్మం దద్దుర్లెక్కేవాళ్లున్నారు. ఎండీఎఫ్‌లో చెక్క నారతో పాటు ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది.

ఎంత ధూళి ఉంటే ఎక్కువ? అమెరికాలో నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన హద్దు ఘనపు మీటరు గాలికి 1 మిల్లీగ్రాము. దీన్ని మన గదికి లెక్కేసి చూద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే 36 మిల్లీగ్రాముల ధూళి గాలిలో తేలితే చాలు, హద్దు చేరిపోయినట్టే. ఇక 6 మిల్లీమీటర్ల బిట్‌తో (తిరుగుతూ చెక్కను కోసే పనిముట్టు) 6 మిల్లీమీటర్ల మందం ఎండీఎఫ్‌ని ఒక మీటరు పొడవున కోస్తే రాలే పదార్థం దాదాపు 27 గ్రాములు. అందులో 750వ వంతు గాలిలో కలిసినా 36 మిల్లీగ్రాములు అయిపోతాయి. ఒక్క మీటరు కోతకే ఇంత! జాలీ డిజైన్లో ఎన్ని మీటర్ల కోత ఉంటుందో మీరే లెక్కేసుకోండి. అందుకే "చాలావరకు పీల్చేస్తోందిలే" అనుకుంటే సరిపోదు.

ముందు ధూళి తక్కువ పుట్టేలా చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు. రెండు అంచులున్న బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుంటే చెక్కకు నిమిషానికి 36,000 సార్లు కోత పడుతుంది. ఫీడ్ (బిట్ చెక్కలో ముందుకు సాగే వేగం) నిమిషానికి 1,000 మిల్లీమీటర్లే పెడితే ఒక్కో అంచు గీకేది 0.03 మిల్లీమీటర్ల లోపే. అది కోత కాదు, అరగదీయడం. బిట్ వేడెక్కుతుంది, పొట్టుకు బదులు పిండి వస్తుంది. ఫీడ్ 3,600కి పెంచితే ఒక్కో అంచు 0.1 మిల్లీమీటరు తీస్తుంది. అప్పుడు వచ్చేది చేతికి తగిలే పొట్టు. కొత్తవాళ్లు బిట్ విరిగిపోతుందనే టెన్షన్‌తో ఫీడ్ మరీ తగ్గించేస్తారు. మెషీన్ బలం చూసుకుని లోతు కాస్త తగ్గించి ఫీడ్ పెంచుకోవడమే మేలు. లేదా స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) వేగమైనా తగ్గించాలి. ఎండీఎఫ్ మాత్రం ఏం చేసినా కొంత పిండిగానే రాలుతుంది, ఎందుకంటే అది సన్నటి నారను నొక్కి చేసిన పలక.

ఇక పీల్చడం సంగతి. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం. అంతే దూరం నుంచి ఎంత బలంగా గాలి పీల్చినా జ్వాల సరిగా కదలను కూడా కదలదు. ఊదినప్పుడు గాలి ఒక ధారగా ముందుకు వెళ్తుంది, పైపు వ్యాసానికి 30 రెట్ల దూరంలో కూడా అందులో పదో వంతు వేగం మిగులుతుంది. పీల్చినప్పుడు గాలి అన్ని వైపుల నుంచీ పైపు మూతిలోకి వస్తుంది కాబట్టి, ఒక్క వ్యాసమంత దూరం జరిగేసరికే వేగం 7 శాతానికి పడిపోతుంది. 100 మిల్లీమీటర్ల పైపు మూతి దగ్గర గాలి వేగం సెకనుకు 20 మీటర్లు ఉంటే, జానెడు దూరం కూడా పోకముందే, 100 మిల్లీమీటర్ల దగ్గర, అది ఒకటిన్నర మీటర్లే. 18,000 చుట్ల వేగంలో 6 మిల్లీమీటర్ల బిట్ అంచు సెకనుకు 5.6 మీటర్ల వేగంతో పొట్టును విసురుతుంది. అలా ఎగిరిపోతున్న పొట్టును ఒకటిన్నర మీటర్ల గాలి వెనక్కి లాగలేదు. పక్కన ఒక గొట్టం వేలాడదీసి, చాల్లేదని ఇంకా పెద్ద మోటారు కొనడం వృథా అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

బిట్ చుట్టూ గోడ కట్టాలి. డస్ట్ షూ చేసే పని అదే: స్పిండిల్ కింద ఒక పలక, దాని అంచున కుచ్చులా వేలాడే బ్రష్, పక్కనో వెనకో గొట్టం. దీన్ని కొనొచ్చు, త్రీడీ ప్రింట్ చేసుకోవచ్చు, 10 మిల్లీమీటర్ల ఆక్రిలిక్‌తో ఆ మెషీన్ మీదే కోసుకోవచ్చు. పలక పారదర్శకంగా ఉంటే బిట్ కనిపిస్తుంది. బ్రష్ వెంట్రుకలు చెక్కను తాకి ఓ రెండు మూడు మిల్లీమీటర్లు వంగాలి. అలాగని రబ్బరుతో గాలి చొరకుండా మూసేయకూడదు. లోపలికి గాలి రాకపోతే పొట్టును మోసుకెళ్లేదేముంది? షూ స్పిండిల్‌తో పాటే కిందికీ పైకీ కదిలితే లోతుగా కోసేటప్పుడు బ్రష్ నలిగిపోతుంది, పైపైన కోసేటప్పుడు కింద సందు మిగులుతుంది. స్పిండిల్‌తో కిందికీ పైకీ కదలకుండా, దాన్ని పక్కలకు జరిపే క్యారేజీకి బిగించి, ఎత్తు చెక్కకు తగ్గట్టు ఒకసారి సరిచేసుకునే రకమే నాకు మెరుగ్గా అనిపిస్తుంది. క్లాంపులు మాత్రం షూకి తగలనంత కిందగా ఉండాలి.

చాలామంది దృష్టికి రాని విషయం ఒకటుంది. గాలితో చల్లబడే ట్రిమ్ రౌటర్లలో ఫ్యాన్ గాలి కొలెట్ (బిట్‌ని పట్టి ఉంచే బిగింపు) చుట్టూ కిందికే వస్తుంది, అంటే సరిగ్గా షూ లోపలికి ఊదుతుంది. మనం ఒకవైపు పీలుస్తుంటే అది ఇంకోవైపు బ్రష్ కింద నుంచి ధూళిని బయటికి తోస్తుంది. ఆ గాలిని షూ పై నుంచే పక్కకు మళ్లించే ఒక కాలర్ పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. నీటితో చల్లబడే స్పిండిల్‌కి ఈ సమస్యే ఉండదు.

షూ కుదిరాక పైపు, మోటారు. ఇక్కడ రెండు రకాల యంత్రాలున్నాయి. వర్క్‌షాప్ వ్యాక్యూమ్ క్లీనర్ గట్టిగా లాగుతుంది, దాదాపు 20 కిలోపాస్కల్స్ దాకా, కానీ దాని గుండా పోయే గాలి తక్కువ, గంటకు సుమారు 150 ఘనపు మీటర్లు. పెద్ద ఫ్యాన్ ఉండే డస్ట్ కలెక్టర్ దీనికి పూర్తిగా తిరగేసినట్టు: గాలి చాలా, లాగే బలం 2 కిలోపాస్కల్స్ పరిధిలోనే. పైపులో చెక్కపొట్టు ఆగిపోకుండా సాగాలంటే గాలి సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో పోవాలి. వ్యాక్యూమ్‌కి 50 మిల్లీమీటర్ల గొట్టం పెడితే ఆ వేగం వస్తుంది. పెద్ద పైపైతే మంచిదనుకుని 100 మిల్లీమీటర్లది పెడితే వేగం 5 మీటర్లకు పడిపోయి పొట్టంతా పైపులోనే పేరుకుంటుంది. కలెక్టర్‌కి సన్న గొట్టం పెట్టడం అంతకన్నా తప్పు. గాలి పరిమాణం మారకుండా పైపు వ్యాసం సగం చేస్తే పీడన నష్టం 32 రెట్లవుతుంది, ఆ భారం కలెక్టర్ ఫ్యాన్ మోయలేదు. రెండడుగుల చిన్న మెషీన్‌కి వ్యాక్యూమ్ చాలు. నాలుగడుగుల బెడ్ దాటితే, పెద్ద బిట్లు వాడితే కలెక్టరే సరి. ముడతల గొట్టం గాలిని బాగా అడ్డుకుంటుంది కాబట్టి మెషీన్ కదలికకు అవసరమైనంతే వాడి, మిగతాది నున్నటి పీవీసీ పైపు వేసుకోవాలి. గొట్టం బరువు గ్యాంట్రీ (స్పిండిల్‌ని మోస్తూ కదిలే అడ్డదూలం) మీద పడకుండా పై నుంచి వేలాడదీయాలి, లేకపోతే దాన్ని కదిలించే స్టెప్పర్ మోటార్లు స్టెప్పులు తప్పుతాయి.

నేరుగా వ్యాక్యూమ్‌లోకి పంపితే ఎండీఎఫ్ పిండికి ఫిల్టర్ కాసేపటికే మూసుకుపోతుంది. మధ్యలో సైక్లోన్ ఉండాలి. రైస్ మిల్లుల్లో తవుడు రాబట్టే శంకువు ఆకారపు రేకు డబ్బా మన ఊళ్లలో చాలామంది చూసినదే. అదే సూత్రం. 1885లోనే జాన్ ఫించ్ అనే అమెరికన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. గాలి పక్క నుంచి దూరి గిర్రున తిరుగుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో సెకనుకు 15 మీటర్ల వేగంతో తిరిగే రేణువు మీద పనిచేసే బలం దాని బరువుకు 200 రెట్ల పైనే. పొట్టు గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది, గాలి నడిమి నుంచి పైకి పోతుంది. కింద 20 లీటర్ల పెయింట్ బకెట్ పెట్టుకుంటే చాలు, కాకపోతే గట్టిది కావాలి. గొట్టం ఎక్కడైనా మూసుకుపోతే 30 సెంటీమీటర్ల మూత మీద వాతావరణం మోపే బలం 140 కిలోల బరువుకు సమానం, పల్చటి బకెట్ అప్పడంలా నలిగిపోతుంది.

సైక్లోన్ పొట్టునూ ముతక పొడినీ ఆపుతుంది. అత్యంత సన్నటి ధూళి దాన్ని దాటిపోతుంది, దానికోసమే వ్యాక్యూమ్‌లో హెపా ఫిల్టర్ (అతి సన్నటి రేణువులను కూడా పట్టే రకం) కావాలి. ఫిల్టర్‌కి అన్నిటికన్నా కష్టమైన సైజు 0.3 మైక్రాన్ల దగ్గర్లో ఉంటుంది. అంతకన్నా పెద్దవి మలుపు తిరగలేక పోగుల్ని గుద్దుకుంటాయి, చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ వెళ్లి తగులుకుంటాయి. కలెక్టర్లతో వచ్చే మామూలు గుడ్డ సంచి మాత్రం పొట్టును దాచుకుని సన్న ధూళిని గదంతా చల్లుతుంది. దాన్ని తీసేసి మంచి కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెట్టండి, లేదా కలెక్టర్‌ని ఆరుబయట పెట్టండి.

ప్లాస్టిక్ పైపులో పొట్టు రాసుకుంటూ పోతే స్టాటిక్ విద్యుత్తు పుడుతుంది. ఇంటి వర్క్‌షాప్‌లో దానితో పేలుడు జరిగే అవకాశం చాలా తక్కువ. మెషీన్‌ని నడిపే కంట్రోలర్ రీసెట్ అయి కోత మధ్యలో ఆగిపోవడం మాత్రం తరచూ జరిగేదే. యాంటీ స్టాటిక్ గొట్టం వాడి ఎర్త్ చేస్తే సరిపోతుంది. నిప్పు సంగతి ఇంతకన్నా ముఖ్యం. మొండి బిట్ ఒకేచోట తిరిగితే చెక్క మాడి ఒక నిప్పురవ్వ గొట్టంలోకి పోవచ్చు, అది బకెట్‌లో గంటల తరబడి రాజుకుంటూ ఉండగలదు. రాత్రి షాపు మూసే ముందు బకెట్ ఇంటి బయట పెట్టండి.

అంతా బిగించాక పరీక్షకి ఒక టార్చి చాలు. గదిలో లైట్లార్పి టార్చిని షూకి అవతలి వైపు పెట్టి, బల్బు నేరుగా కంట్లో పడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టి, వెలుగు వచ్చే వైపుకే చూడండి. మామూలు వెలుతురులో ఏమీ లేదనిపించిన చోట పొగలా లేచే ధూళి కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీ తనిఖీలకు వాడే పద్ధతి కూడా ఇదే. బ్రష్‌కి ఏ మూల సందుందో, స్పిండిల్ గాలి ఎటు తోస్తోందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇన్ని చేసినా బకెట్ ఖాళీ చేసేటప్పుడు, ఫిల్టర్ దులిపేటప్పుడు ధూళి మళ్లీ లేస్తుంది. మన ఊళ్లలో సింహద్వారాలకు సీఎన్‌సీ మీద డిజైన్లు కోసే షాపుల్లో కుర్రాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని ఈ పని చేస్తుంటారు. తువ్వాలు ముతక పొట్టునే ఆపుతుంది. ముఖానికి బాగా అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టుకుని, సంచిని బకెట్ మూతికి తొడిగి తలకిందులు చేసి ఒంపాలి, అదీ ఆరుబయట, గాలికి వీపు పెట్టి.