పేరు తెచ్చిన పేచీ: ఆటిజం పిల్లలకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల వెనక కథ

ఆటిజం ఉన్న పిల్లలకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇవ్వొచ్చా, లేదా అన్న గొడవ మళ్లీ మొదలైంది. ఒకవైపు క్లినిక్‌లు, ఇంకోవైపు వైద్య నియంత్రణ సంస్థలు, మధ్యలో బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తల్లిదండ్రులు. స్టెమ్ సెల్ అంటే తనలాంటి కణాలను మరిన్ని పుట్టించుకుంటూ, వేరే రకం కణాలుగానూ మారగలిగే మూలకణం. నా లెక్కలో ఈ పేచీకి అసలు ముడి 1991లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పడింది. అక్కడి కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో ఆర్నాల్డ్ కాప్లాన్ అనే శాస్త్రవేత్త కొన్ని కణాలకు ఒక పేరు పెట్టారు. ఆ పేరు మార్చాలని 2017లో ఆయనే వ్యాసం రాశారు. ఈలోగా ఆ పేరు చెప్పుకుని దేశదేశాల్లో క్లినిక్‌లు వెలిశాయి.

కాప్లాన్ కంటే ముందు మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ ఉన్నారు. ఎముక మూలుగలో రక్తాన్ని తయారుచేసే కణాలు కాకుండా, గాజు పాత్ర అడుగుకు అతుక్కుని పెరిగే ఇంకో రకం కణాలున్నాయని చూపించింది ఆయనే. వాటిని తీసి మరో జంతువు మూత్రపిండం పైపొర కింద పెడితే అక్కడ బుల్లి ఎముక తయారైంది. ఎముక ఒక్కటే కాదు, దాని లోపల మూలుగ కూడా వచ్చింది. ఏది ఎవరిదని పరీక్షిస్తే, ఎముక గోడలేమో బయటి నుంచి తెచ్చిపెట్టిన కణాలవి. లోపల చేరిన రక్తకణాలేమో ఆ జంతువువే. అంటే కొత్తగా వచ్చిన కణాలు ఇల్లు కట్టాయి, కట్టి, లోపలికి వచ్చి ఉండమని అక్కడి రక్తకణాలకు కబురు పంపాయి. ఒక కణం ఫలానా పనికి స్థిరపడటం, పక్క కణంతో మాట్లాడటం, రెండూ ఆ ఒక్క ప్రయోగంలోనే ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లు మొదటిదాన్నే పట్టుకున్నారు.

కాప్లాన్ వాటికి పెట్టిన పేరు ‘మెసెంకైమల్ స్టెమ్ సెల్’, పొట్టిగా ఎమ్‌ఎస్‌సీ. పిండం దశలో ఎముక, మృదులాస్థి, కండరం లాంటివి పుట్టుకొచ్చే పొరల్లోని కణాలకు వారసులు పెద్దవాళ్ల ఒంట్లోనూ ఉన్నారని ఆయన ఆలోచన. 1999లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి బలమిచ్చింది. ఒకే రకం కణాలను మూడు వేర్వేరు మందుల ద్రావణాల్లో పెంచితే ఒకదాంట్లో ఎముక, ఒకదాంట్లో మృదులాస్థి, మరోదాంట్లో కొవ్వు కణాలయ్యాయి. ఈ ఫలితం నిజం, ఎన్నో ల్యాబుల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. కాకపోతే ఆ గాజు పాత్రలో కణానికి ‘నువ్వు ఎముకవి కా’ అని చెప్పింది మనిషి కలిపిన మందు. ఒంట్లో ఆ మాట చెప్పాల్సింది చుట్టూ ఉన్న కణాలు. అవి చెప్పకపోతే, చెప్పినా ఈ కణానికి వినే గ్రాహకాలు లేకపోతే, ఏమీ జరగదు. మూడు రకాలుగా మారిందంటే నాడీకణంగానూ మారుతుందిలే అనుకోవడానికి ఆ ప్రయోగంలో ఆధారం లేదు.

అయినా అలా అనుకోవడానికి అప్పుడు వాతావరణం అనుకూలంగా ఉంది. 2001లో మూలుగ కణాలతో ఎలుకల్లో దెబ్బతిన్న గుండె కండరం మళ్లీ పెరిగిందని ‘నేచర్’లో వచ్చింది. 2004లో రెండు బృందాలు అదే ప్రయోగం చేసి, అలాంటిదేమీ కనబడలేదన్నాయి. ఆ గుండె పరిశోధనలకు నాయకుడైన పియరో ఆన్వెర్సా ల్యాబు నుంచి వచ్చిన 31 వ్యాసాలను వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డ్ సిఫారసు చేసింది. కానీ ‘ఏ ఎండకా గొడుగు పట్టే కణాలు’ అన్న నమ్మకం అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. ఏ అవయవం దెబ్బతింటే అక్కడికి వెతుక్కుంటూ వెళ్లి, దానిలాగే మారిపోతాయి అన్న మాట నేటికీ కరపత్రాల్లో కనిపిస్తుంది.

మలుపు 2004లోనే, స్టాక్‌హోమ్‌లో వచ్చింది. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు మూలుగ మార్పిడి జరిగిన తొమ్మిదేళ్ల బాబుకి దాత కణాలు ఎదురుతిరిగాయి. పేగులు, కాలేయం దెబ్బతిని, ఏ మందుకూ లొంగని స్థితి. కాటరీనా లె బ్లాంక్ బృందం ఆ బాబుకి తల్లి మూలుగ నుంచి పెంచిన ఎమ్‌ఎస్‌సీలను ఎక్కించింది. బాబు తేరుకున్నాడు. ఇక్కడ ఆ కణాలు చేసింది పేగు గోడగానో కాలేయంగానో మారడం కాదు. ఎదురుతిరిగిన రోగనిరోధక కణాలను శాంతింపజేశాయి. అంటే పనికొచ్చింది వాటి కబురు. రక్తనాళంలోకి ఎక్కిస్తే ఈ కణాల్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లో చిక్కుకుపోయి, కొద్ది రోజుల్లో కనుమరుగైపోతాయని కూడా తర్వాత తేలింది. ఉన్న కాసేపట్లో ఏవో ప్రొటీన్లు విడుదల చేసి, చుట్టూ ఉన్నవాటికి సంకేతం ఇచ్చి పోతాయి.

కాప్లాన్ ఇది చూశారు. అక్షరాలు మూడూ అలాగే ఉంచి ‘మెడిసినల్ సిగ్నలింగ్ సెల్స్’ అందామని ప్రతిపాదించారు. 2017లో రాసిన వ్యాసం పేరే ‘మెసెంకైమల్ స్టెమ్ సెల్స్: పేరు మార్చాల్సిన సమయం’ అన్న అర్థంలో ఉంటుంది. స్టెమ్ సెల్ అన్న పేరు చూసి క్లినిక్‌లు రోగులకు లేనిపోని ఆశలు పెడుతున్నాయని అందులో బాధపడ్డారు. తాను పెట్టిన పేరును తానే వద్దనడానికి ఎంత నిజాయతీ కావాలో పరిశోధనలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. 2024 జనవరిలో ఆయన చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలిసారి ఒక ఎమ్‌ఎస్‌సీ చికిత్సకు అనుమతి ఇచ్చింది. దేనికి? స్టాక్‌హోమ్ బాబుకి దాత కణాలు ఎదురుతిరిగి వచ్చిన జబ్బుకే, అదీ స్టెరాయిడ్లకు లొంగని పిల్లల్లో మాత్రమే.

మన దేశంలోనూ కథ ఒక మాట చుట్టూనే తిరిగింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2007లో తెచ్చిన మార్గదర్శకాల పేరులో ‘స్టెమ్ సెల్ పరిశోధన, చికిత్స’ అని ఉండేది. 2013లో సవరించినప్పుడు ‘చికిత్స’ను కావాలనే తీసేశారు. రుజువు కాని దాన్ని చికిత్స అనకూడదన్నదే కారణం. 2017 నాటి మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా, రక్తానికి సంబంధించిన జబ్బుల్లో చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ట్రయల్స్‌లోనే, అంటే మనుషుల మీద పద్ధతిగా జరిపే పరీక్షల్లోనే చేయాలన్నాయి. 2022 డిసెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు ఆటిజానికి స్టెమ్ సెల్స్ సిఫారసు చేయడం లేదని, వాటిని ప్రచారం చేయడం వృత్తి నియమాల ఉల్లంఘనేనని తేల్చింది.

క్లినిక్‌లు చెప్పేది ఇది: కణాలు రోగివే కాబట్టి ప్రమాదం తక్కువ, కొందరు పిల్లల్లో మార్పు కనబడింది, పరిశోధనకు ఏళ్లు పడుతుంది గానీ పిల్లల వయసు ఆగదు. చివరి మాట తల్లిదండ్రుల గుండెల్లోంచి వచ్చేదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ మార్పు కనబడిందన్న దానికి జవాబు ఉంది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ముందు 25 మంది పిల్లలకు, స్టెమ్ సెల్స్ ఉండే బొడ్డుతాడు రక్తం ఎక్కిస్తే బాగుపడినట్టే కనబడింది. తర్వాత 180 మందితో, కొందరికి రక్తం, కొందరికి ఉత్తుత్తి ద్రవం ఇచ్చి పోల్చారు. 2020లో వచ్చిన ఫలితంలో అసలు కొలమానం మీద తేడా తేలలేదు. పిల్లలు ఎదుగుతూ ఉంటారు, నేర్చుకుంటూ ఉంటారు. ఆ ఎదుగుదలను సూది ఖాతాలో వేసేయడం చాలా సులువు. సొంత కణాలే కదా అన్నదానికీ ఒక చేదు ఉదాహరణ ఉంది. ఫ్లోరిడాలో సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్లలోకి ఎక్కించుకున్న ముగ్గురు మహిళల చూపు ఘోరంగా దెబ్బతిందని 2017లో వైద్య పత్రికలో వచ్చింది.

కంట్లో స్టెమ్ సెల్స్ పనిచేసిన చోటు మన హైదరాబాద్‌లోనే ఉంది. సున్నమో, ఆసిడో పడి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తెల్లబడిన కంటికి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఒక పద్ధతి ప్రచురించింది. బాగున్న రెండో కంట్లో, నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది నలుసులుగా కోస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి పొర పరిచి, చూపుకు అడ్డం రాకుండా నడిమి భాగం వదిలి, ఆ నలుసులను చుట్టూ జిగురుతో అతికిస్తారు. కొన్ని వారాల్లో ఒక్కో నలుసు నుంచి కణాలు పాకి, కార్నియాను కప్పేస్తాయి. ఆ కణాలు పుట్టుక నుంచీ చేసే పని అదే. వాటిని అలవాటైన చోటే పెట్టారు, అక్కడి కబుర్లు వాటికి అర్థమవుతాయి. మూలుగ కణాన్ని వెన్నులోకి ఎక్కించి మెదడు కణం కమ్మనడం అలాంటిది కాదు.

ఇప్పుడు ఎవరైనా ఆటిజానికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ గురించి చెబితే అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, దేశీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ ట్రయల్ నమోదు నంబరు. రెండు, డబ్బు ఎంత కట్టాలన్నది. నిజమైన ట్రయల్ అయితే ఆ ఇంజెక్షన్‌కు తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోకూడదు.