ఉన్నోళ్ల పిల్లలు, లేనోళ్ల పిల్లలు: హైదరాబాద్ బడుల్లో ఈ గీత ఎక్కడ్నుంచి వచ్చింది

క్లాసులో ఉన్నోళ్ల పిల్లలు, లేనోళ్ల పిల్లలు పక్కపక్కన ఉంటే టీచర్ ఎట్ల మసలుకోవాలె అని ఈమధ్య తెగ మాట్లాడుతున్నరు. నాకైతే ఇది కొత్త సమస్య అనిపించదు, మన పట్నంలో మొదట్నుంచి వీళ్లిద్దర్ని ఒక్క గదిలో కూసోబెట్టిందే తక్కువ, అందుకే టీచర్లకు కూడా ఆ అలవాటు లేదు.

1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజ్ పెట్టిండ్రు, నిజాం ఇచ్చిన ఊర్ల మీద పెత్తనం చేసే జాగీర్దార్ల పిల్లల కోసమని పేరే చెప్తది. 1949లో జాగీర్దారీ రద్దయింది, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. అంటే ఏ ఇంట్ల పుట్టినవ్ అని అడిగే కాలం పోయి ఫీజు ఎంత కడ్తవ్ అని అడిగే కాలం వచ్చింది. ఇంకోదిక్కు దళిత పిల్లల్ని బడి గడప తొక్కనియ్యని రోజుల్లో దళితుల కోసం కొట్లాడిన భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచిండు, తర్వాత అట్లాంటివి ఇంకా చాలా నడిపిండు. అటు వాళ్ల బడి వాళ్లకు, ఇటు వీళ్ల బడి వీళ్లకు.

చదువుల మీద కేంద్రం వేసిన 1964-66 కొఠారి కమిషన్ అందరికీ ఒక్కటే తీరు బడి ఉండాలె అన్నది, ఎవ్వరూ పట్టించుకోలే. ఇప్పుడు గల్లీకో ప్రైవేట్ స్కూలు, అందులో మళ్లీ ఐఐటీ కోచింగ్ చెప్పే టెక్నో సెక్షన్ వేరు, మామూలు సెక్షన్ వేరు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చింది, ప్రైవేట్ బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకియ్యాలె అన్నది, 2012లో సుప్రీంకోర్టు కూడా సరే అన్నది, మనకాడ మాత్రం ఏళ్లకేళ్లు అది కాగితం మీదనే ఉంది.

కరోనా అప్పుడు ఈ తేడా ఇంట్లకే వచ్చి కూసుంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు రాష్ట్ర సర్కారు చదువుల టీవీ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. ఆన్‌లైన్ క్లాసంటే లేనోళ్ల ఇంట్ల ఉన్న ఒక్క ఫోను నాన్నతోపాటు డ్యూటీకి పోయేది, ఈ పిల్లగాడు హోంవర్క్ చెయ్యలేదని సార్ తిట్టేది.

క్లాసులో ఇది చిన్న చిన్న వాటిల్లోనే దొరుకుతది. థర్మాకోల్ చార్మినార్ చేసుకరమ్మంటరు, షాపులో చేయించుకొచ్చినోనికి పదికి పది, పాత అట్టపెట్టె కత్తిరించి సొంతంగ అతికించినోనికి ఆరు. అందరి ముంగట "మీ డాడీ ఏం చేస్తడు" అని అడుగుతరు, ఇళ్లల్ల పనిచేసే అమ్మ ఉన్న పిల్ల తల దించుకుంటది. విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ కొట్టుడే కాదు, మనసు బాధపెట్టుడు కూడా వద్దన్నది, కానీ కర్ర పోయిందిగాని ఈ మాటలు పోలే.

కొందరు టీచర్లు ప్రాజెక్టు పీరియడ్‌లోనే చేయిస్తరు, పాత పేపర్లు, గమ్ము వాళ్లే ఇస్తరు, అప్పుడు ఎవరి చేతిపని ఏందో కనబడ్తది. పెద్ద ఖర్చు కూడా కాదు. ఫీజు డ్యూ సంగతి పేరెంట్స్‌కు వాట్సాప్ చేస్తే అయిపోయేదానికి పరీక్ష రోజు పిల్లని బయట నిలబెట్టుడు ఎందుకో మాత్రం మేనేజ్‌మెంట్లే చెప్పాలె.