ప్రివ్యూలో ఫొటో రాకపోతే ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టిస్తారా?

నల్గొండలో ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు నేర్పుతుంటాను. ఫైనల్ ఇయర్ సబ్మిషన్లు దగ్గర పడ్డాయంటే ఫోన్ ఆగదు. "అన్నా, వీఎస్ కోడ్ ఖరాబైంది. రీడ్‌మీ ప్రివ్యూల ఫొటోలు వస్తలేవు." వీఎస్ కోడ్ అంటే కోడ్ రాసుకునే ఎడిటర్, రీడ్‌మీ అంటే ప్రాజెక్టు గురించి వివరించే ఫైల్, ప్రివ్యూ అంటే ఆ ఫైల్ చివరికి ఎలా కనిపిస్తుందో చూపే కిటికీ.

అపోహ: ఫొటో రాలేదంటే ఎడిటర్ పాడైనట్టే, లేదంటే వైరస్.

వాస్తవం: నా దగ్గరికి వచ్చినవాటిలో ఎడిటర్ తప్పు ఉన్న కేసు ఒక్కటీ గుర్తు లేదు. మిర్యాలగూడ నుంచి ఒకమ్మాయి వచ్చింది. రైస్‌మిల్లు స్టాక్ లెక్కల ప్రాజెక్టు. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ల్యాప్‌టాప్‌కు పంపుకుని రీడ్‌మీలో పెట్టింది. రాలేదు. వీఎస్ కోడ్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేసింది. హాస్టల్‌లో ఎవరో వైరస్ అన్నారట. భయపడి షాపులో ఇస్తే వాళ్లు సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశారు. ప్రాజెక్టు ఉన్నది డెస్క్‌టాప్ మీదే! కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో మిగిలింది మూడు వారాల పాత కాపీ. కొత్త విండోస్‌లో కూడా ఫొటో రాలేదని చెబుతూ ఏడ్చేసింది. తిట్టబుద్ధి కాలేదు.

ఫైల్ పేరు చూశాను: "వాట్సాప్ ఇమేజ్ 2025-02-11 ఎట్ 10.22.31 ఏఎం". మధ్యలో అన్నీ ఖాళీలు. రీడ్‌మీ రాసే పద్ధతిని మార్క్‌డౌన్ అంటారు. అందులో బ్రాకెట్లలో రాసే పాత్‌లో, అంటే ఫొటో ఉన్న చోటికి దారిలో, ఖాళీ వస్తే అది ఫొటో లింకు అని గుర్తుపట్టదు. ఖాళీ ఉన్నచోట %20 అని రాయాలి, లేకపోతే పాత్ మొత్తాన్ని < > మధ్య పెట్టాలి. అన్నిటికన్నా సులువు, పేరు మార్చడం. మార్చాం, వచ్చేసింది. పోయిన కోడ్ మాత్రం రాలేదు.

కాబట్టి ముందు ప్రివ్యూలో ఏం కనిపిస్తోందో చూడండి. మీరు రాసిన బ్రాకెట్లు, పాత్ అన్నీ అక్షరాలా అలాగే కనిపిస్తే రాయడంలో తప్పుంది. విరిగిన బొమ్మ గుర్తో, ఫొటోకు మీరిచ్చిన పేరో మాత్రమే కనిపిస్తే లింకు సరే, ఆ పాత్‌లో ఫైల్ దొరకడం లేదు.

పాత్ లెక్క ఎండీ ఫైల్ (రీడ్‌మీ లాంటి మార్క్‌డౌన్ ఫైల్) ఉన్న చోటు నుంచి మొదలవుతుంది, మీరు వీఎస్ కోడ్‌లో తెరిచిన ఫోల్డర్ నుంచి కాదు. దేవరకొండ రోడ్డుకు దారి అడిగితే గడియారం సెంటర్‌లో ఉన్నోడికి ఒకలా చెబుతాం, బస్టాండ్‌లో ఉన్నోడికి ఇంకోలా చెబుతాం కదా, అంతే. పాత్ స్లాష్‌తో మొదలైతేనే తెరిచిన ఫోల్డర్ నుంచి లెక్క. ఆ ఫోల్డర్ బయట, డీ డ్రైవ్‌లో ఎక్కడో ఉన్న ఫొటోను ప్రివ్యూ చూపించదు. తెచ్చి ప్రాజెక్టులో పెట్టుకోండి. ఎండీ ఫైల్‌ను ఇంకా సేవ్ చేయకపోతే అసలు దారి మొదలయ్యే చోటే లేదు.

అపోహ: నా దగ్గర కనిపిస్తోంది, ఇక అందరికీ కనిపిస్తుంది.

ఇందులో నేనూ పడ్డాను. ఒక క్లయింట్‌కు గిట్‌హబ్ లింకు పంపి గొప్పగా వివరిస్తుంటే, "ఫొటోలేవీ?" అన్నాడు. ఫైల్ చివర పెద్దక్షరాల పీఎన్‌జీ, నేను రాసింది చిన్నక్షరాల్లో. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, గిట్‌హబ్ పట్టించుకుంటుంది. వెనక్కి వాలిన స్లాష్‌లు కూడా వద్దు, ముందుకు వాలినవే వాడండి.

అపోహ: పేరు చివర జేపీజీ అని మార్చితే ఐఫోన్ ఫొటో వస్తుంది. రాదు. లోపల అది ఐఫోన్ వాడే హెచ్ఈఐసీ ఫార్మాట్‌లోనే ఉంటుంది, కన్వర్ట్ చేయాలి.

అపోహ: వీఎస్ కోడ్‌లోని ప్రివ్యూ సెక్యూరిటీ సెట్టింగ్ తీసేస్తే అన్నీ వస్తాయి. ఎవరు పుట్టించారో ఈ పుకారు! మామూలుగా అది అడ్డుకునేది హెచ్‌టీటీపీతో మొదలయ్యే బయటి ఫొటోలను. లింకును హెచ్‌టీటీపీఎస్‌కు మార్చండి, చాలు. తప్పు పాత్‌ను ఆ సెట్టింగ్ బాగు చేయదు. పూర్తిగా ఆపేస్తే, ఎవరిదో డౌన్‌లోడ్ చేసిన ఎండీ ఫైల్‌లోని స్క్రిప్టులు కూడా ప్రివ్యూలో నడుస్తాయి.

పాత్ తలనొప్పే వద్దనుకుంటే, ఫొటోను కాపీ చేసి సేవ్ చేసిన ఎండీ ఫైల్‌లో పేస్ట్ కొట్టండి. 2023 నుంచి వీఎస్ కోడే దాన్ని ప్రాజెక్టులో పెట్టి లింకు రాసిస్తోంది.