సూర్యుడి ఉయ్యాల

శ్రీకాకుళం,
అక్టోబరు 4.

చిరంజీవులు చిన్నిబాబుకు, బుజ్జితల్లికి తాతయ్య ఆశీస్సులు.

జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మీ బడివాళ్లు ఇళ్లకు పంపిన శరత్కాలపు విశేషాల పత్రాన్ని మీ అమ్మ నాకు ఫోనులో పంపింది. అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి దినోత్సవమట, ఆ రోజు పిల్లలంతా ఎవరి దేశపు బట్టల్లో వాళ్లు రావాలట. ఎండాకాలానికని గంట ముందుకు జరిపిన గడియారాలను నెలాఖరు ఆదివారం మళ్లీ గంట వెనక్కి తిప్పుకోవాలట. నవంబరు 11 సాయంత్రం కాగితపు లాంతర్లు పట్టుకుని ఊరేగింపట. మధ్యలో శరత్కాలపు సెలవులు సరేసరి. ఇన్నింటి మధ్య చదువు ఎప్పుడు చెబుతారో మాత్రం ఆ పత్రంలో ఎంత వెతికినా కనబడలేదు.

దాని కింద చిన్నిబాబు ప్రశ్న. "తాతయ్యా, సెప్టెంబరు 23న శరత్తు మొదలైందని రాశారు. ముందు రోజుకీ ఆ రోజుకీ నాకేమీ తేడా కనబడలేదు. మొదలైందని వాళ్లకెలా తెలిసింది?"

మంచి ప్రశ్న వేశావు నాయనా. పెద్దవాళ్లు ఇలాంటివి అడగరు. క్యాలెండరులో అచ్చయి ఉంటే చాలు, తలూపేస్తారు.

మన పంచాంగాన్ని అడిగితే వేరే జవాబు చెబుతుంది. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, అంటే దసరా నవరాత్రుల మొదటి రోజున మనకు శరత్తు వస్తుంది. ఈ ఏడు దానికింకా వారం గడువుంది. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీకు శరత్తు వచ్చేసింది, ఇక్కడ నాకింకా వానాకాలమే. నిన్న సాయంత్రం పడిన వాన చూస్తే పంచాంగం వైపే మొగ్గాలనిపించింది. అది చంద్రుణ్ణి చూసి చెబుతుంది, మీ బడి సూర్యుణ్ణి చూసి చెప్పింది. ఎవరి లెక్క వాళ్లది. చంద్రుడి సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. ఈ ఉత్తరం సూర్యుడికి.

మా ఊళ్లో, నాగావళి ఒడ్డున, ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. ఆశ్వయుజ పున్నమి వెళ్లిన మూడో రోజు అట్లతద్దె. ముందు రోజు సాయంత్రమే పెద్దవాళ్లు ఆ చెట్టు కొమ్మకు మోకు కట్టి, కింద పీట బిగించేవారు. ఆడపిల్లలు గోరింటాకు చేతులతో తెల్లవారకముందే లేచి, పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని, చీకట్లోనే ఉయ్యాల దగ్గరికి చేరేవారు. పండగ వాళ్లది. మా మగపిల్లలకు దక్కేది వెనక నిలబడి ఊపే పని. వాళ్లందరి వంతూ అయ్యాక, ఎండెక్కాక, మోకు వదులైపోయాక మాకు. ఈ అన్యాయం గురించి మా అమ్మకు చెప్పుకుంటే "నీకు అట్లు తక్కువ పెట్టానా?" అని నోరు మూయించేది. నిజానికి అట్లు ఎప్పుడూ తక్కువ పెట్టలేదు.

అయితే వెనక నిలబడి ఊపేవాడికి ఒక లాభం ఉంది. ఊగేవాళ్లకు తెలియనివి వాడికి తెలుస్తాయి. మా అక్క పీట మీద నిలబడి పైకి వెళ్లేది. ఆ చివర ఒక్క క్షణం ఆగేది. అప్పుడు ఆమె జడకుచ్చులు కూడా కదలకుండా ఉండేవి. తరవాత కిందికి వచ్చేటప్పుడు, చెట్టు కిందికి సరిగ్గా చేరేసరికి, రివ్వుమని గాలి నా మొహానికి కొట్టేది. అన్నింటికంటే వేగం నడుమనే. నేను పుల్లతో నేల మీద అడ్డంగా ఒక గీత గీసేవాణ్ణి. ఉయ్యాల ఆ గీతను వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి దాటేది. గీత ఎక్కడ గీసినా రెండుసార్లే, ఒక్క చివర్లలో తప్ప.

ఇప్పుడు పీట మీద మా అక్కకు బదులు సూర్యుణ్ణి నిలబెట్టండి. ఆయన పొద్దున్నే పొడిచే చోటు రోజూ కొంచెం జరుగుతూ ఉంటుంది, ఒక చివర ఉత్తరం, ఇంకో చివర దక్షిణం. జూన్ 21 ప్రాంతంలో ఉత్తరపు చివరకు చేరి ఆగుతాడు. డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు చివర. మధ్యలో, సరిగ్గా తూర్పున ఉదయించే చోట, ఒక గీత ఉంది. మార్చి 20కి అటూ ఇటూగా ఉత్తరానికి వెళుతూ దాటతాడు, సెప్టెంబరు 23కి అటూ ఇటూగా దక్షిణానికి వస్తూ దాటతాడు. మీ బడివాళ్లు రాసింది ఆ దాటడం గురించే. గీత నేల మీద ఉంటుంది గాని గాలిలో ఉండదు కదా, అందుకే నీకు తేడా కనబడలేదు.

కానీ నడుమన ఉయ్యాల వేగంగా ఉంటుందన్నాను, గుర్తుందా? సూర్యుడు దక్షిణానికి జరిగేకొద్దీ మన వైపు పగలు తగ్గుతుంది, మీ ఊళ్లో ఇప్పుడు రోజుకు దాదాపు 4 నిమిషాల చొప్పున తగ్గిపోతోంది. వారం తిరిగేసరికి అరగంటకు కొంచెం తక్కువ. జూన్ నెలాఖరున వారం గడిచినా నాలుగైదు నిమిషాలు తేడా రాదు, అప్పుడు ఉయ్యాల చివర ఆగి ఉంది గనుక. పొద్దున లేచేసరికి చీకటిగా ఉంటోందని బుజ్జితల్లి మొన్న ఫోనులో గునిసింది. అమ్మా, అది నీ బద్ధకం కాదు, సూర్యుడు చెట్టు కింద నుంచి రివ్వున పోతున్నాడు.

మాకు ఇక్కడ తగ్గేది రోజుకు ఒక్క నిమిషమే. మీ ఉయ్యాల ఎత్తు కొమ్మకు కట్టారు, మాది పల్లపు కొమ్మకు. మీకు జూన్‌లో 16 గంటల పగలు, డిసెంబరులో 8 గంటలే. మాకు 13 నుంచి 11. మీ తరగతిలో కెన్యా పిల్లవాడు ఉన్నాడన్నారు. అతని దేశం మీదుగా భూమధ్యరేఖ పోతుంది. అక్కడ ఏడాది పొడుగునా పగలు 12 గంటలకు అంటిపెట్టుకునే ఉంటుంది. అతని ఇంటి దగ్గర ఉయ్యాల ఊగుతుంది గాని పగలు మీద దాని ప్రభావం కనబడదు. ఆస్ట్రేలియా అమ్మాయి కూడా ఉందట. వాళ్ల అమ్మమ్మకు ఉయ్యాల ఎదురొస్తోంది. మీకు శరత్తు వచ్చిన రోజునే ఆమెకు పగలు రాత్రిని మించడం మొదలైంది, ఆమె ఇప్పుడు ఉన్ని బట్టలు పెట్టెలో సర్దుకుంటూ ఉంటుంది. ఇన్ని దేశాల పిల్లలు ఒక్క గదిలో కూర్చునే బడి మీది. అట్లాసులో లేనిది పక్క బెంచీలో దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి దినోత్సవం నాడు ఏం చెయ్యాలని అడిగారు కదా, ఇది చెయ్యండి. 24వ తేదీన ప్రతి పిల్లా పిల్లాడూ వాళ్ల తాతకో అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ల ఊళ్లో సూర్యుడు ఎన్నింటికి ఉదయించాడో, ఎన్నింటికి అస్తమించాడో కనుక్కుని, బల్ల మీద వరసగా రాయాలి. మా ఊరి లెక్క నేను మేడ మీద నిలబడి చూసి చెబుతాను.

ఇక ఆ గీత సంగతి. గాలిలో గీత ఉండదన్నాను గాని, నడిమి గీతకు కాస్త దక్షిణంగా గీసినట్లు అలాంటిదే ఇంకో గీత మన జిల్లాలో ఒక చోట ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో. మా ఇంటికి దగ్గరే, మీరు చిన్నప్పుడు వచ్చారు, బుజ్జితల్లి ప్రసాదం పులిహోర కోసం ఏడ్చింది. అక్కడ ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయపు కిరణాలు వాకిళ్లన్నీ దాటుకుని గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. నన్ను మొదటిసారి మా నాన్న భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. చీకటితోనే ఇంద్రపుష్కరిణిలో ముంచి లేపారు, పళ్లు టకటక కొట్టుకున్నాయి. లోపల అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ముందుగా రాతి గడప మీద అరచేయంత పసుపు వెలుగు పడింది. అది నెమ్మదిగా లోపలికి జరిగింది. మా ముందు నిలబడిన ముసలాయన చెవి ఆ వెలుగులో ఎర్రగా, నరాలతో సహా కనబడింది. తరవాత నల్లరాతి పాదాలు. అంతే, కాసేపటికి వెలుగు తప్పుకుంది. కొన్నేళ్లు మబ్బు పడుతుంది, అప్పుడు జనం ఉసూరుమని వెనక్కి వస్తారు.

ఏడాదికి రెండుసార్లే ఎందుకు? నా చిన్నప్పుడు ఎవరినడిగినా "దేవుడి మహిమ" అనేవారు. మహిమే, కాదనను. కానీ క్యాలెండరు తీసి మీరొక లెక్క వెయ్యండి. మార్చి 10 నుంచి జూన్ 21కి ఎన్ని రోజులు? జూన్ 21 నుంచి అక్టోబరు 2కి ఎన్ని రోజులు? నేను చెప్పను. వేళ్లు మడిచి మీరే లెక్కపెట్టి, రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని, ఉయ్యాలను తలుచుకోండి. ఆ వాకిళ్లు కట్టినవాళ్ల దగ్గర దూరదర్శిని లేదు, కంప్యూటరు లేదు. ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి సూర్యుడు ఎక్కడ పొడుస్తున్నాడో చూసిన మనుషులు ఉండి ఉంటారు. పొద్దున్నే లేవడం గురించి మీ అమ్మ చెబితే వినరు గాని, ఇందుకైనా వినండి.

ఈ ఉయ్యాలను ఎవరు ఊపుతున్నారని బుజ్జితల్లి తప్పకుండా అడుగుతుంది. అసలు రహస్యం ఏమిటంటే, ఊగేది సూర్యుడు కాదు. మా అక్క దిగివచ్చి "చెట్టంతా ఊగిపోయిందిరా" అనేది. పీట మీద ఉన్నవాళ్లకు అలాగే కనబడుతుంది. పీట మీద ఉన్నది మనమే. భూమి 23.5 డిగ్రీలు వాలి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, ఆ వాలు వల్ల మన కళ్లకు ఆయన ఊగినట్లుంటాడు. మీ సైన్సు టీచరు గ్లోబుతో, దీపంతో ఇదంతా చూపిస్తారు. నాకు మాత్రం ఇంత బరువైన భూమి ఇన్నేళ్లుగా ఒకే పక్కకు వాలి, అరసవల్లి గడప మీదికి అదే తేదీలకు వెలుగు తెచ్చి పెడుతుండటం తలుచుకుంటే గ్లోబు మీద చెయ్యి వెయ్యాలనిపించదు.

మీరు పంపిన ఎర్రటి ఆకు ఫొటో చూశాను. పగలు తగ్గగానే మీ చెట్లు ఆకుపచ్చ రంగు తయారుచెయ్యడం మానేస్తాయి. పసుపు అంతకు ముందు నుంచీ ఆకులోనే దాగి ఉంటుంది, పచ్చదనం తగ్గాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది. మా శరత్తులో ఆకులు రాలవు. మా చెట్లు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. ఇక్కడ ఇప్పుడు నాగావళి ఇసుక తిన్నెల మీద రెల్లు పూసింది. ఒక కంకి తుంపి చూస్తే, పత్తి కంటే సన్నని తెల్లటి నూగు, ఊదితే ఊడిపోతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చే రోజులివి. ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు మంచిశకునమని వాటి జోలికి పోరు.

శరత్తు అంటే వెన్నెల అని పద్యాల్లో ఉంటుంది. మాకు తుఫాను కూడా. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారి ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరస వరసంతా పడి ఉన్నాయి. చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లు వాటి పక్కన కూర్చుని ఏడ్చారు. అందుకని మా విశేషాల పత్రం ఎవరైనా రాస్తే అందులో మొదటి వార్త ఆకాశం ఎలా ఉందన్నదే అవుతుంది. రెండోది విజయనగరం సిరిమాను. విజయదశమి వెళ్లిన మంగళవారం, యాభై అడుగులకు పైబడిన మాను చివర పూజారి కూర్చుని, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. జనం కింద నుంచి అరటిపళ్లు విసురుతారు. మీ పెదనాన్న ఈసారి వెళ్లి వీడియో పంపుతానన్నాడు.

బట్టల మాట మరిచాను. చిన్నిబాబుకు పొందూరు ఖద్దరు లాల్చీ పంపుతున్నాను. ఎవరైనా అడిగితే, ఈ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని చెప్పు. నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు, నిజం అదే. బుజ్జితల్లికి మీ నాయనమ్మ పరికిణీ కుడుతోంది, పలాస జీడిపప్పు కూడా అదే పొట్లంలో వస్తుంది. దారిలో మీ నాన్న తినెయ్యకుండా చూడండి.

మీ లాంతర్ల ఊరేగింపు మన దీపావళి వెళ్లిన కొద్ది రోజులకే పడింది. మేము గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి, వెలిగించి, వీధిలో నేలకేసి కొట్టేవాళ్లం. రాత్రి పెరిగే రోజుల్లో పిల్లల చేతికి దీపమిచ్చి బయటికి పంపాలని అక్కడివాళ్లకూ ఇక్కడివాళ్లకూ తోచింది చూడండి.

ఇప్పుడు మీ పని. దక్షిణం వైపు కిటికీ ఉన్న గదిలో, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేల మీద ఎండ పడుతుంది. కిటికీకి దగ్గరగా ఉన్న ఎండ అంచు మీద చిన్న రంగు టేపు అంటించి, తేదీ రాయండి. ప్రతి ఆదివారం అలాగే. నెలాఖరున గడియారం మార్చాక ఒంటిగంటకు బదులు 12 గంటలకు చూడాలి, సూర్యుడికి మీ గడియారంతో పని లేదు కాబట్టి. టేపులు గదిలోపలికి జరుగుతూ పోతాయి. డిసెంబరు మూడో వారానికి ఏమవుతుందో ఫొటో తీసి పంపండి. మబ్బు పట్టిన వారం ఖాళీగా వదిలెయ్యండి, ఊహించి అంటించవద్దు. అంటించే ముందు అమ్మకు చెప్పండి, లేకపోతే ఊడ్చేటప్పుడు పీకేస్తుంది.

మీ తాతయ్య