వింటర్‌గ్రీన్ నూనె: అపోహలు - వాస్తవాలు

నొప్పుల బామ్ మూత తీయగానే చాలాసార్లు ఒక తియ్యటి ఘాటు వాసన వస్తుంది. అది మిథైల్ సాలిసిలేట్. వింటర్‌గ్రీన్ అనే మొక్క ఆకుల నుంచి తీసే నూనెలో 96 శాతానికి పైగా ఉండేది ఇదే. ఫార్మసిస్టుగా నాకు టెన్షన్ పెట్టే సీసాల్లో ఇదొకటి.

అపోహ: ఆకుల నుంచి తీసింది కదా, హాని ఉండదు.

వాస్తవం: నిజానికి పచ్చి ఆకులో ఈ నూనె దాదాపు ఉండదు. ఆకుల్ని నలిపి నీళ్లలో నానబెడితే, అందులోని గాల్థెరిన్ అనే పదార్థం విడిపోయి మిథైల్ సాలిసిలేట్ పుడుతుంది. దాన్ని ఆవిరితో వేరుచేసి తీస్తారు. ఫ్యాక్టరీలో తయారయ్యేదీ ఇదే రసాయనం, విషమూ అంతే.

అపోహ: కీళ్లనొప్పులకు ఒక చెంచా తాగితే ఏమీ కాదు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. ఇది ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నూనె, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. 325 మిల్లీగ్రాముల మాత్రలు 21 ఒకేసారి మింగినట్టు! పైగా ద్రవం కాబట్టి త్వరగా ఒంటికి పడుతుంది. పసిపిల్లల ప్రాణం తీయడానికి టీస్పూను కూడా అక్కర్లేదు. మిఠాయిలాంటి వాసన వాళ్లను ఇట్టే ఆకర్షిస్తుంది. అదే నా అసలు భయం. వాంతులు, చెవుల్లో హోరు, చెమటలు, వేగంగా ఊపిరి తీయడం, తర్వాత మగత, ఫిట్స్ రావచ్చు.

అపోహ: పైపైన రాస్తే రక్తంలోకి వెళ్లదు.

వాస్తవం: వెళ్తుంది. రాసిన చోట వేడి కాపడం పెట్టినా, గట్టిగా కట్టు కట్టినా ఇంకా ఎక్కువ వెళ్తుంది, చర్మమూ కాలవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు రక్తస్రావం కావచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్లు దీని జోలికి పోవద్దు. చిక్కటి నూనెను ఎవరూ నేరుగా రాసుకోకూడదు.

అపోహ: మింగితే వెంటనే వాంతి చేయించాలి.

వాస్తవం: వద్దు. మధ్యలో ఫిట్స్ వస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బాగానే కనిపిస్తున్నా ఆగకండి, సీసా కూడా తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ సోడియం బైకార్బొనేట్ ఎక్కించి విషం మూత్రంలో బయటికి పోయేలా చేస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే డయాలసిస్ చేస్తారు.

ఇంకో మాట. ఈ నూనెను ఖాళీ సిరప్ సీసాల్లో ఎప్పుడూ పోయకండి. చీకట్లో దగ్గు మందు కోసం తడిమే చేతికి ఆ తేడా తెలియదు.